గడువు తప్పుతున్న అగ్రరాజ్యం

2025 అక్టోబరు 1 తెల్లవారేసరికి అమెరికా ప్రభుత్వానికి ఖర్చు పెట్టే అధికారం లేకుండా పోయింది. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది, దానికి కావాల్సిన బిల్లులను మాత్రం కాంగ్రెస్ ఆమోదించలేదు. నవంబరు 12 దాకా, అంటే 43 రోజులు, ఆ దేశ చరిత్రలో అప్పటికి అతి పొడవైన షట్‌డౌన్ నడిచింది. లక్షల మంది ఉద్యోగులు ఇళ్ళల్లో కూర్చున్నారు. విమానాల రాకపోకలను నియంత్రించే సిబ్బంది జీతం లేకుండానే డ్యూటీ చేశారు. చివరికి 40 పెద్ద విమానాశ్రయాల్లో సర్వీసులు తగ్గించాల్సి వచ్చింది. సుమారు 4.2 కోట్ల మంది పేదలకు అందాల్సిన నవంబరు ఆహార సాయం కోర్టు మెట్లెక్కింది. హెచ్-1బీ దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ నుంచి తీసుకోవాల్సిన ధ్రువీకరణ కూడా వారాల తరబడి నిలిచిపోయింది. డాలస్‌లో కంపెనీ మారదామనుకున్న తెలుగు ఇంజనీరుకు వాషింగ్టన్ గొడవ ఆ రూపంలో గడప దాకా వచ్చింది.

ఇది రెండు పార్టీల పంతం, నాలుగు రోజుల్లో మరిచిపోతారు అనుకోవచ్చు. కానీ ఆ ప్రభుత్వం లోపల పనిచేసినవాళ్ళు, దాన్ని దశాబ్దాలుగా కనిపెట్టుకుని రాస్తున్న పాత్రికేయులు అలా అనుకోవడం లేదు. వాళ్ళు చూపించే లెక్కలు వరుసగా పేర్చి చూస్తే నాకు ఒకటే అర్థమైంది. ప్రభుత్వం ఎంత ఆరోగ్యంగా ఉందో ప్రజాదరణ శాతాలు సరిగ్గా చెప్పలేవు. మామూలు పనిని గడువులోగా చేయగలుగుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

శాతాలతో వచ్చే చిక్కు

వాషింగ్టన్ ప్రభుత్వం దాదాపు ఎప్పుడూ లేదా ఎక్కువసార్లు మంచే చేస్తుందని నమ్మేవాళ్ళు 1958లో 73 శాతం. 1964లో 77 శాతం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో అడిగినప్పుడు 22 శాతం. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం కలిసి కొట్టిన దెబ్బ నుంచి ఆ నమ్మకం పూర్తిగా కోలుకోలేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కొన్నాళ్ళు లేచినా మళ్ళీ కిందికే వచ్చింది.

ఈ పతనం నిజమే. కానీ లోపల ఇంకో సంగతి దాగి ఉంది. 2024లో డెమోక్రాట్లలో 35 శాతం ప్రభుత్వాన్ని నమ్మారు, రిపబ్లికన్లలో 11 శాతమే. 2025లో అధ్యక్షుడు మారాక డెమోక్రాట్ల నమ్మకం 9 శాతానికి పడింది, రిపబ్లికన్లది 26 శాతానికి ఎక్కింది. ఏడాదిన్నర తిరగకముందే అంతా తలకిందులైంది. అంటే ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు ప్రభుత్వం గురించి కాదు, తమ పార్టీ గెలుపోటముల గురించి.

పండితుల తీర్పూ ఉంది. బ్రైట్ లైన్ వాచ్ అనే సంస్థ వందల మంది రాజనీతి శాస్త్ర ఆచార్యులను అడిగి అమెరికా ప్రజాస్వామ్యానికి 100కి మార్కులు వేస్తుంది. 2024 ఎన్నికల తర్వాత వేసినవి 67. ట్రంప్ రెండోసారి పదవి చేపట్టిన కొన్ని వారాలకు 55. ఇంత తక్కువ వ్యవధిలో 12 మార్కులు పోవడం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అయినా ఇదీ అభిప్రాయాల సగటే. అభిప్రాయంతో నిమిత్తం లేని లెక్కలు వేరే ఉన్నాయి.

12 బిల్లులు, 4 సార్లు

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా 12 వ్యయ బిల్లులను కాంగ్రెస్ ఆమోదించాలి. 1974లో తెచ్చిన బడ్జెట్ చట్టంతో ఏర్పడిన ఈ పద్ధతి 1977 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉంది. దాదాపు 50 ఏళ్ళలో అన్ని బిల్లులూ గడువులోగా ఆమోదం పొందింది 4 సార్లే: 1977, 1989, 1995, 1997 ఆర్థిక సంవత్సరాలకు. ఆఖరి విజయం 1996 సెప్టెంబరు నాటిది. మిగతా ఏళ్ళు ఎక్కువగా మన ఓటాన్ అకౌంట్ లాంటి తాత్కాలిక ఏర్పాట్లతోనే మొదలయ్యాయి.

మన దగ్గర లోక్‌సభలో బడ్జెట్ వీగిపోతే ప్రభుత్వమే పోతుంది. అక్కడ అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ వేర్వేరు ఎన్నికల్లో గెలిచి వస్తారు. బడ్జెట్ ఆగితే ఎవరి పదవీ పోదు, ప్రజలకు అందాల్సిన సేవ పోతుంది. ఇలా ఆఫీసులు మూయడం మొదటి నుంచీ ఉన్న ఆచారం కూడా కాదు. ఒకప్పుడు బిల్లు ఆలస్యమైనా ఆఫీసులు నడిచేవి. ఆమోదం లేని ఖర్చు చట్టవిరుద్ధమని 1980లో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి తేల్చి చెప్పాక తలుపులు మూయడం మొదలైంది. 2013లో 16 రోజులు, 2018-19లో 35 రోజులు, 2025లో 43 రోజులు. ఈ మూడింటిలో మూత పడిన కాలం పెరుగుతూనే పోయింది.

లోపల తిరిగినవాళ్ళ మాట

2010లో ఇండియానా సెనేటర్ ఇవాన్ బే, 2012లో మెయిన్ సెనేటర్ ఒలింపియా స్నో ఇక పోటీ చేయబోమని ప్రకటించారు. ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్. ఇద్దరూ చెప్పిన కారణం మాత్రం ఒకటే: పార్టీల పట్టుదలతో సభలో పని సాగడం లేదు. అదే 2012లో థామస్ మాన్, నార్మన్ ఆర్న్‌స్టీన్ అనే ఇద్దరు పరిశీలకులు పైకి కనిపిస్తున్న దానికంటే పరిస్థితి ఘోరంగా ఉందంటూ పుస్తకం రాశారు. 40 ఏళ్ళకు పైగా కాంగ్రెస్‌ను దగ్గర నుంచి చూసిన వాళ్ళు. తప్పు ఇద్దరిదీ సమానం అని సర్దిచెప్పకుండా, ఎక్కువ భారం రిపబ్లికన్ పార్టీదే అన్నారు. రెండు పక్షాలనూ సమంగా తిట్టి ఊరుకునే పత్రికల అలవాటును కూడా తప్పుపట్టారు.

సభ్యుల వెనక ఉండి బిల్లులు రాసే సీనియర్ సిబ్బందిని కాంగ్రెషనల్ మేనేజ్‌మెంట్ ఫౌండేషన్ 2024లో అడిగింది. ప్రజాస్వామ్యంలో చట్టసభ పనిచేయాల్సిన తీరులోనే కాంగ్రెస్ పనిచేస్తోందన్నవాళ్ళు 19 శాతం. వంట చేసేవాళ్ళలో ఐదుగురికి నలుగురు ఆ వంట బాగుందని అనలేదంటే దాన్ని మించిన సాక్ష్యం ఏం కావాలి?

అప్పు ఇచ్చేవాళ్ళ తరఫున లెక్క కట్టే రేటింగ్ సంస్థలూ అదే మాట అన్నాయి. 2011లో ఎస్ అండ్ పీ, 2023లో ఫిచ్, 2025లో మూడీస్ అమెరికా అగ్రశ్రేణి రేటింగును ఒక మెట్టు దించాయి. మొదటి రెండూ అప్పు పరిమాణంతో పాటు పాలన తీరునూ ఎత్తి చూపాయి. 2025 అక్టోబరులో ఆ దేశం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీకే సుమారు 88,000 కోట్ల డాలర్లు పోయాయి. సైన్యం మీద పెట్టిన ఖర్చు కూడా అంత లేదు.

ముడి ఎక్కడ పడింది?

సెనేట్‌లో 100 మంది. మామూలు బిల్లుకు 51 ఓట్లు చాలు. కానీ ఎవరైనా అడ్డుపడితే చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలి. ఇలా అడ్డుపడటాన్ని ఫిలిబస్టర్ అంటారు. అడ్డంకిని తొలగించమని కోరే తీర్మానాలు 1917 నుంచి 1970 వరకు 53 ఏళ్ళలో 60కి మించలేదు. 2021-22 రెండేళ్ళలోనే అవి 300 దాటాయి. అరుదుగా బయటికి తీసే ఆయుధం రోజువారీ పనిముట్టు అయిపోయింది.

ప్రతినిధుల సభది ఇంకో కథ. 435 సీట్లలో ఏ పార్టీ అయినా గెలవగల సీట్లు 1999లో 164 అని, 2023 నాటికి 82కు తగ్గాయని కుక్ పొలిటికల్ రిపోర్ట్ లెక్క. గెలుపు ఖాయమైన చోట సభ్యుడికి భయం ఎదుటి పార్టీ అంటే ఉండదు, సొంత పార్టీ ప్రాథమిక ఎన్నిక అంటేనే ఉంటుంది. రాజీపడితే టికెట్ పోతుంది.

దీని ఫలితం మన ఇళ్ళకు తెలుసు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం అని 1990లో చట్టం చేశారు. ఆ దేశాలవారీ పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా మార్పులతో ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు పాఠాలనూ కలపకముందే సభ కాలం ముగిసింది, బిల్లు మురిగిపోయింది. దాదాపు అందరూ ఒప్పుకున్న పని కూడా పూర్తికాలేదు. అమెరికాలోనే పెరిగి, 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోతున్న తెలుగు పిల్లలు ఆ వైఫల్యానికి మూల్యం కడుతున్నారు. ఈ ఒక్క ఉదాహరణ నన్ను బాధపెట్టినంతగా ఏ సర్వే శాతమూ పెట్టలేదు.

ఆడిటర్ జాబితా

మన కాగ్ లాంటి సంస్థ అక్కడ జీఏఓ. మోసానికి, వృథాకు ఆస్కారం ఉన్న ప్రభుత్వ విభాగాల జాబితాను అది 1990లో 14 అంశాలతో మొదలుపెట్టింది. 2025లో వాటి సంఖ్య 38. మెడికేర్, నాసా కొనుగోళ్ళు లాంటివి 35 ఏళ్ళుగా జాబితాలోనే ఉన్నాయి. 2024లో ఒక్క ఏడాది పొరపాటు చెల్లింపులే 16,200 కోట్ల డాలర్లని అంచనా.

అక్కడి నామినేటెడ్ పోస్టులు సుమారు 4,000. వాటిలో దాదాపు 1,300 పోస్టులకు సెనేట్ ఆమోదం కావాలి. రీగన్ కాలంలో ఆ ఆమోదానికి సగటున 69 రోజులు పట్టేది, బైడెన్ కాలంలో 192 రోజులు పట్టింది. నాలుగేళ్ళ పాలనలో ఆరు నెలలకు పైగా కుర్చీ ఖాళీ. దీనికి తోడు 2025లో సుమారు 3 లక్షల మంది ఉద్యోగులు తగ్గారు. ఉన్న పనే గడువుకు కానిచోట ఇన్ని చేతులు ఒక్కసారి తగ్గితే పని చురుకవుతుందని నమ్మడం కష్టం.

లెక్క రాసేవాళ్ళు

ఇన్ని అంకెలు మనదాకా వచ్చాయంటే ఎవరో కూర్చుని లెక్క రాశారు, ఇంకెవరో వాటిని పత్రికల్లో పెట్టారు. ఆ రెండో పక్షమూ చిక్కిపోతోంది. 2005 తర్వాత అక్కడ 3,000కు పైగా పత్రికలు మూతపడ్డాయి, మూడింట ఒక వంతుకు పైనే అన్నమాట. 200కు పైగా కౌంటీల్లో స్థానిక వార్తలు రాసే సంస్థ ఒక్కటీ లేదు. పత్రికలు, టీవీల మీద నమ్మకం 1976లో 72 శాతం, 2025లో 28 శాతమని గాలప్ చెప్పింది. 2025 అక్టోబరులో కొత్త ఆంక్షలకు తలొగ్గలేక పదుల కొద్దీ విలేకరులు పెంటగాన్‌లో తమ ప్రవేశ కార్డులు తిరిగిచ్చి బయటికి వచ్చేశారు.

అయినా నాకు ఆశ కలిగించే అంకె ఒకటుంది. జీఏఓ జాబితాలోని లోపాలను సరిదిద్దినందువల్ల 2006 నుంచి సుమారు 75,900 కోట్ల డాలర్లు ఆదా అయ్యాయి. ఏడాదికి సగటున 4,000 కోట్లు. తప్పు ఎక్కడుందో ఓపిగ్గా రాసినవాళ్ళు, ఆ రాసినదాన్ని చదివి కదిలిన అధికారులు ఉన్నచోట ఆ ప్రభుత్వం ఇప్పటికీ పనిచేస్తోంది. ఈసారి అక్టోబరు 1న వార్త చదివేటప్పుడు అధ్యక్షుడి ప్రజాదరణ ఎంతని వెతక్కండి. 12 బిల్లుల్లో ఎన్ని ఆమోదం పొందాయో చూడండి.