తుపాకీ దించినా తగ్గని గాయం



1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటి నుంచి మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు ఏళ్ల తరబడి దళాలకూ పోలీసులకూ నడుమ నలిగిపోయాయి. చదువు మధ్యలో వదిలి అడవి బాట పట్టిన వాళ్లలో మన ఈడు వాళ్లూ ఉన్నారు. గోదావరి అవతలి ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులు 6 నుంచి 12 ఏళ్ల పిల్లలను బాల సంఘాల్లో చేర్చుకున్నారనీ, సల్వాజుడుం, పోలీసులు కూడా మైనర్లను వాడుకున్నారనీ హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో నివేదిక ఇచ్చింది.

లొంగిపోయిన వారికి ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుంది. మరి మనసు సంగతి?

అలాంటి పిల్లలు రాత్రి ఉలిక్కిపడి లేస్తారు. టపాకాయ పేలితే వణికిపోతారు. ఊరికే కోపం, ఎవరినీ నమ్మలేకపోవడం, తమవల్లే అంతా జరిగిందన్న బాధ. ఇది పిచ్చి కాదు, పిరికితనం అంతకన్నా కాదు. ప్రమాదం తప్పినా శరీరం ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు.

దీనికి చికిత్స ఉంది. మొదట భయం లేని చోటు, వేళకు తిండి, నిద్ర కావాలి. తర్వాత నమ్మకమైన మనిషితో మాట్లాడించాలి. ఉత్తర ఉగాండాలో మాజీ బాల సైనికుల చేత వారి జీవితకథను వరుసగా చెప్పించే చికిత్స చేసి చూస్తే ఆ లక్షణాలు తగ్గాయి.

ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో 2002లో యుద్ధం ముగిసింది. అక్కడి బాల సైనికులను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. ఊరివాళ్లు అక్కున చేర్చుకున్నవారు, బడిలో నిలిచినవారు మెరుగ్గా కోలుకున్నారు. వెలివేతకు, ఎత్తిపొడుపులకు గురైనవారు మరింత కుంగిపోయారు.

అంటే మందు సగం డాక్టరు దగ్గరుంటే, మిగతా సగం పక్క మంచం మీద పడుకునే మన దగ్గరే ఉంది. అడవి నుంచి వచ్చినవాడైనా, కాల్పుల్లో తండ్రిని పోగొట్టుకున్నవాడైనా మన హాస్టల్‌కు వస్తే మారుపేరు పెట్టి పిలవొద్దు. "ఎంతమందిని చంపినవ్?" అని అడగొద్దు. అన్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుందాం, ఆటలో కలుపుకుందాం. చెప్పుకుంటే విందాం, చెప్పకుంటే తొందరపెట్టొద్దు. నిద్ర లేక బాధపడుతుంటే వార్డెన్ సారుకు చెప్పి, దవాఖానకు తోడు వెళ్దాం. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తుపాకీ దించిన చేతికి పుస్తకం అందించేది సర్కారు కావచ్చు. ఆ చేతిని పట్టుకోవాల్సింది మాత్రం మనమే.