స్కానర్‌ను చూసి భయం, ఫోన్ కాల్‌ను విని నమ్మకం

కదిరి నుంచి మదనపల్లె వైపు పోయే దారిలో నల్లచెరువు దగ్గర బస్సు దిగితే టీ కొట్టు మొదలుకొని ఎరువుల అంగడి దాకా గోడలకు స్కానర్ అట్టలు కనిపిస్తాయి. హిందూపురం చింతపండు మండీలో, ధర్మవరం పట్టుచీరల అంగళ్లలో, పెనుకొండ బస్టాండు పండ్ల బండ్ల మీద కూడా అవే. యూపీఐని 2016 ఏప్రిల్ 11న మొదలుపెట్టారు. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశమంతటా దాని మీద 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. వాడకం ఇంత పెరిగినా దాని చుట్టూ ఉన్న భయాలు మాత్రం ఇంకా ఉండాల్సిన చోట లేవు. మన ఊళ్లలో చాలామంది గట్టిగా ఉన్నదాన్ని అనుమానిస్తున్నారు. డబ్బు జారిపోయే చోట మాత్రం ఆదమరిచి ఉంటున్నారు. ఎక్కువగా వినిపించే కొన్ని అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"ఫోన్‌పే కంపెనీవాళ్లకు మన పిన్ను తెలిసిపోతుంది కదా?"

తెలియదు. పిన్ కొట్టేటప్పుడు తెర మీదికి వచ్చే ఆ అంకెల పేజీ ఫోన్‌పేదీ కాదు, గూగుల్ పేదీ కాదు. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తయారు చేసి, అన్ని యాప్‌లలో ఒకే రకంగా అమర్చిన పేజీ అది. అక్కడ మీరు నొక్కిన అంకెలు ఫోన్‌లోనే రహస్య సంకేతాలుగా మారి మీ బ్యాంకుకు పోతాయి. మధ్యలో యాప్ వాటిని చదవలేదు. మీ సిమ్ము, మీ ఫోను కూడా ఖాతాతో ముడిపడి ఉంటాయి కాబట్టి పిన్ తెలిసినంత మాత్రాన ఎవరూ ఇంకో ఫోన్ నుంచి మీ డబ్బు తీయలేరు.

ఈ ఏర్పాటు ఎంత గట్టిదో లెక్కలే చెబుతాయి. 2023–24లో యూపీఐ ద్వారా సుమారు 200 లక్షల కోట్ల రూపాయలు చేతులు మారాయి. ఆ ఏడాది యూపీఐ మోసాల్లో పోయినది 1,087 కోట్లని కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుకు తెలిపింది. అంటే లక్ష రూపాయలకు 5 రూపాయల పైచిలుకు. చెప్పుకోడానికి చిన్న మొత్తమే. అయితే ఆ ఏడాది నమోదైన ఘటనలు 13.42 లక్షలు. అంటే 13 లక్షల సార్లు ఎవరో ఒకరి ఇంట్లో ఆ పూట అన్నం సహించలేదు. వేరుశనగ అమ్మిన డబ్బు, మగ్గం కూలీ, బిడ్డ కాలేజీ ఫీజు పోగొట్టుకున్న మనిషికి లక్షకు 5 రూపాయలనే సగటుతో పనిలేదు.

మరి ఆ డబ్బు ఎలా పోయింది? ఎక్కువసార్లు దొంగ యాప్‌లోకి చొరబడలేదు. మనిషికి ఫోన్ చేశాడు.

"లెక్క మన ఖాతాలో పడాలంటే పిన్ను కొట్టాలి"

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. పాత బండి, ఆవు, సోఫా అమ్ముతామని ఆన్‌లైన్‌లో పెట్టినవాళ్లకు ఫోన్ వస్తుంది. "అన్నా, అడ్వాన్సు పంపిస్తా ఉండా, స్కాన్ చేసి పిన్ను కొట్టు, పడిపోతాది" అంటాడు అవతలివాడు. కొట్టగానే డబ్బు రావడానికి బదులు పోతుంది. స్కాన్ చేయడమన్నా, పిన్ కొట్టడమన్నా మన ఖాతా నుంచి డబ్బు ఇవ్వడానికే. మనకు రావాల్సిన డబ్బుకు మనం ఏమీ నొక్కనక్కర్లేదు. ఫోన్ జేబులోనే ఉన్నా, స్విచ్ఛాఫ్ అయి ఉన్నా పడుతుంది. పిన్‌తో పని డబ్బు ఇచ్చేటప్పుడు, ఖాతాలో ఎంతుందో చూసుకునేటప్పుడు మాత్రమే.

ఒక మనిషి ఇంకో మనిషికి "ఇంత పంపు" అని యాప్‌లోనే అడిగే సదుపాయం ఉండేది. దాన్ని వాడుకుని ఎందరినో ముంచుతున్నారని 2025 అక్టోబరు నుంచి దాన్ని ఆపేశారు. మంచి పని చేశారు. కానీ స్కానర్ బొమ్మను వాట్సాప్‌లో పంపి పిన్ కొట్టించే మోసం ఇంకా నడుస్తోంది.

డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే పేరును చదవడం అలవాటు చేసుకోవాలి. 2025 జూన్ ఆఖరు నుంచి అక్కడ బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరే చూపాలన్న నిబంధన ఉంది. మనం ఫోన్‌లో పెట్టుకున్న ముద్దుపేరో, అవతలివాడు పెట్టుకున్న దొంగపేరో కాదు. మెడికల్ షాపులో స్కాన్ చేస్తే తెలియని ఊరి మనిషి పేరు వచ్చిందంటే ఆగి అంగడి యజమానిని అడగాలి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో ఒక రాత్రి ఎవరో వచ్చి అంగళ్ల స్కానర్ల మీద తమ స్కానర్లు అంటించి పోయారు. పేరు తేడాగా వస్తోందని గమనించడం వల్లే సంగతి బయటపడింది.

"స్క్రీన్‌షాట్ చూపించినాడు, డబ్బులు పడినట్లే"

పడినట్లు కాదు. చెల్లింపు జరిగినట్టు పచ్చ టిక్కు చూపించే నకిలీ యాప్‌లున్నాయి. అంగడిలో మోగే స్పీకర్ పెట్టె బ్యాంకు వైపు నుంచి కబురు వస్తేనే పలుకుతుంది. అది లేకపోతే మన యాప్‌లోనో, బ్యాంకు మెసేజ్‌లోనో చూసుకున్నాకే సరుకు చేతికివ్వాలి. సంతలో రద్దీగా ఉన్న వేళ ఇది ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ ఈ మోసగాళ్లు వచ్చేది కూడా ఆ రద్దీ వేళలోనే.

"నాకు బటన్ ఫోనే ఉంది, నా డబ్బుకు ఢోకా లేదు"

పెద్దవాళ్లు ఈ మాట ధైర్యంగా అంటారు. వాళ్ల ధైర్యాన్ని చెడగొట్టాలని కాదు గానీ ఇది నిజం కాదు. ఫోనే లేకుండా, పిన్నే లేకుండా డబ్బు తీసే మార్గం ఇంకోటి ఊరూరా ఉంది. అదే ఆధార్ చెల్లింపు విధానం. బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలిముద్ర పెడితే డబ్బు చేతికొస్తుంది. బ్యాంకు దూరంగా ఉన్న ఊళ్లకు ఇది నిజంగా పెద్ద ఆసరా. ఉపాధి కూలీ డబ్బులు తీసుకోడానికి బస్సెక్కి మండల కేంద్రానికి పోయే బాధ తప్పింది.

కానీ వేలిముద్ర పిన్ లాంటిది కాదు. పిన్ బయటపడితే మార్చుకుంటాం, వేలిని మార్చుకోలేం. పైగా వేలిముద్రను మనం ఎక్కడపడితే అక్కడ వేసి వస్తాం. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూముల దస్తావేజులను ఆ ముఠా దించుకుంది. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలూ ఆధార్ నంబర్లూ ఉన్నాయి. ఆ ముద్రలకు నకళ్లు తయారు చేసి, ఆధార్ చెల్లింపు విధానంలో జనం ఖాతాల నుంచి డబ్బు లాగింది. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరి కాల్‌కూ బదులివ్వలేదు, ఏ లింకూ నొక్కలేదు. పొలం రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే వాళ్లు చేసిన పని. జనం వేలిముద్రలను అందరికీ కనిపించేలా ఉంచిన తప్పు వ్యవస్థదే. ఎవరి డబ్బు పోయినా "నువ్వే జాగ్రత్తగా ఉండాల్సింది" అని నోటికొచ్చినట్టు అనేవాళ్లు ఈ కేసును గుర్తుంచుకోవాలి.

దీనికి విరుగుడు ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోగానీ ఎం-ఆధార్ యాప్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. అవసరమైన రోజు కాసేపు తెరిచి, మళ్లీ మూసేయొచ్చు. దీనికి ఆధార్‌కు మీ మొబైల్ నంబరు జోడై ఉండాలి. వేలిముద్రతో రేషన్, పింఛన్ తీసుకునేవాళ్లు మాత్రం ఆ రోజు లాక్ తీయాలన్న సంగతి మరవకూడదు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే అవ్వాతాతలకు ఈ పని చేసిపెట్టండి. అంత అవస్థ వద్దనుకుంటే బ్యాంకులో అడిగి ఆ ఖాతాకు ఆధార్ విత్‌డ్రాయల్‌ను ఆపించుకునే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది.

బటన్ ఫోన్‌లోనూ యూపీఐ వాడుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న యూపీఐ 123పే అనే పద్ధతిని మొదలుపెట్టింది. ఇంటర్నెట్ లేకుండా ఫోన్ కాల్ ద్వారానే చెల్లించవచ్చు. అందులోనూ పిన్ ఉంటుంది, దాన్నీ దాచుకోవాలి.

"ఫోన్‌పే తీసుకుంటే ట్యాక్సోళ్లు వస్తారు"

ఈ భయం మన సరిహద్దుకు ఆవల నిజంగానే రాజుకుంది. హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 2025 జూలైలో చిన్న వ్యాపారులకు కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ నుంచి నోటీసులు వచ్చాయి. 2021–22 నుంచి వాళ్ల ఖాతాల్లో పడిన యూపీఐ మొత్తాలను చూసి, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఉన్న ఏడాది హద్దు దాటారని శాఖ చెప్పింది. కూరగాయలు, పాలు, పూలు అమ్మేవాళ్లు బెదిరిపోయారు. ఎన్నో అంగళ్లలో స్కానర్లు దించేసి "క్యాష్ మాత్రమే" అని రాసి పెట్టారు. ఆఖరికి జూలై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపార సంఘాలతో మాట్లాడి, పాత బకాయిల కోసం వేధించబోమని హామీ ఇచ్చారు.

ఈ గొడవ నుంచి మన అంగళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, యూపీఐ చేసినందుకు పన్ను లేదు. 2,000 దాటిన చెల్లింపుకు జీఎస్టీ వేస్తారన్న పుకారును కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఏప్రిల్‌లోనే ఖండించింది. రిజిస్ట్రేషన్ హద్దు వ్యాపారం మీద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు. నగదులో అమ్మినా అదే హద్దు. పన్ను లేని తాజా కూరగాయలు, పండ్లు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అవసరమే లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు నాన్నకు పంపిన డబ్బు గానీ, చేబదులు తీర్చిన డబ్బు గానీ వ్యాపారం కిందికి రావు. కానీ ఖాతా చీటీ మీద అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. అందుకే అంగడికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా పెట్టుకుంటే అడిగిన రోజు జవాబు చెప్పడం సులువు.

అయితే ఇందులో దాచాల్సిన పనిలేని నిజం ఒకటుంది. నగదుకు లేని జాడ యూపీఐకి ఉంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇచ్చామో రెండు బ్యాంకులకూ యాప్ కంపెనీకీ తెలుస్తుంది, చట్టప్రకారం అడిగితే ప్రభుత్వానికీ చేరుతుంది. మనుషుల వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఎవరు ఏ మందు కొన్నారో, ఏ డాక్టరుకు డబ్బిచ్చారో ఆ జాడలో ఉంటుంది కాబట్టి, దాన్ని ఎవరు ఎంతకాలం దాచుకోవచ్చన్న ప్రశ్న బెంగళూరు వ్యాపారులదే కాదు, మన అందరిదీ.

"నంబరు ఇస్తే ఏమైతాది?"

ఇది ఆడవాళ్లు ఎక్కువగా ఎదుర్కొనే ఇబ్బంది. చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. పూలమ్మే ఆమెకు, బట్టలు కుట్టే ఆమెకు ఇరవై రూపాయలు పంపినవాడి దగ్గర ఆమె నంబరూ పూర్తి పేరూ మిగిలిపోతాయి. రాత్రిపూట మెసేజ్‌లు అక్కడి నుంచే మొదలవుతాయి. యాప్‌లో నంబరు లేని ఇంకో ఐడీ పెట్టుకోవచ్చు. వ్యాపారులకిచ్చే స్కానర్ తీసుకుంటే సొంత నంబరు బయటపడదు.

యాప్ అడిగిందల్లా ఇవ్వక్కర్లేదు. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేసినప్పుడు, అప్పు తీసుకున్నవారి ఫోన్‌లోని నంబర్లన్నీ లాగి బంధువులకు ఫోన్ చేసి పరువు తీసిన తీరు బయటపడింది. 2022లో రిజర్వు బ్యాంకు అప్పు యాప్‌లు కాంటాక్టులను ముట్టుకోకూడదని నియమం పెట్టింది. వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లుగా వచ్చే పీఎం కిసాన్, ఆర్టీఓ చలానా, పెళ్లి శుభలేఖలను తెరవకండి. తెరిస్తే మీకొచ్చే ఓటీపీలన్నీ దొంగకూ చేరతాయి.

"పోయింది పోయినట్లే, చెప్పుకుంటే నవ్వుతారు"

దొంగలకు మనవైపు నుంచి అందే అతి పెద్ద సాయం ఈ సిగ్గే. పోయిన డబ్బు ఒక్కచోట ఉండదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు పరుగెడుతుంది. ఆ పరుగు ముగిసేలోపు పట్టుకుంటే బ్యాంకులు ఆపగలవు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలా అని రాత్రంతా ఆలోచిస్తే తెల్లారేసరికి ఆపడానికి డబ్బు మిగలదు.

తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయి, 3 పనిదినాల లోపు చెబితే నష్టం మన మీద పడదు. వేలిముద్ర కేసులో మోసపోయినవాళ్లు ఈ కోవలోకే వస్తారు. పిన్ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే, చెప్పాక పోయేది బ్యాంకుది. అందుకే పిన్ చెప్పి పొరపాటు చేసినవాళ్లు కూడా గంట గంటకూ నష్టం పెరగకుండా ముందు చెప్పాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకు మీదే ఉంది. "మేం ఏం చేయలేం" అని కౌంటరు దగ్గర నోటిమాటగా పంపించేస్తే ఊరుకోవద్దు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.

30 రోజులైనా బ్యాంకు బదులివ్వకపోతే, ఇచ్చిన బదులు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆన్‌లైన్ రానివాళ్లు మామూలు ఉత్తరం రాసి చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ముద్ర వేయించుకున్న ఆ అర్జీ నకలు, 1930 వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు, డబ్బు పోయిన రోజు ఖాతా చీటీ జతచేస్తే చాలు.