ఆంధ్రదేశమున తొలినాటి రాజకీయ పక్షాల ఉదయాస్తమయాలు

రాజకీయ పక్షాలెట్లు పుట్టి గిట్టునో తెలుపుటకు చరిత్ర గ్రంథాలు తరచు అమెరికాను ఉదాహరణగా చూపుచుండును. హామిల్టన్ స్థాపించిన ఫెడరలిస్టు పక్షము 1816 అధ్యక్ష ఎన్నికలో ఓడిన పిదప తేరుకొనలేదు. విగ్ పక్షము బానిసత్వ సమస్యపై చీలి 1850 దశకములో అంతరించినది. కాని మన తాతలు ఓట్లు వేసిన పక్షాలలో నేడెన్ని మిగిలియున్నవి? ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచినది వాటి కథనే.

1916లో మద్రాసులో వెలసిన జస్టిస్ పార్టీ విద్యోద్యోగాలలో బ్రాహ్మణేతరులకు న్యాయమైన వాటా కోరినది. 1920 ఎన్నికలలో గెలిచి అధికారమునకు వచ్చినది. తెలుగువాడైన పానగల్లు రాజా 1921 నుండి 1926 వరకు ప్రధానమంత్రి పదవిని నిర్వహించిరి. ప్రభుత్వోద్యోగాలను బ్రాహ్మణేతరులకు, ముస్లిములకు, క్రైస్తవులకు కూడ పంచవలెనను ఉత్తరువు 1921లో వెలువడినది. అయితే పక్షము క్రమముగా జమీందారుల చేతిలో చిక్కి, జాతీయోద్యమమునకు ఎడమొగమైనది. 1937లో 215 స్థానాలలో కాంగ్రెసుకు 159 దక్కినవి. బొబ్బిలి రాజావారు తమ బొబ్బిలిలోనే వి.వి. గిరిగారి చేతిలో ఓడిరి! 1944లో సేలం మహాసభలో ఆ పక్షము ద్రావిడ కళగముగా పేరు మార్చుకొన్నది. అయినను అది లేవనెత్తిన కోరిక చావలేదు. ఆ కోవకు చెందిన ఉత్తరువును 1951లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక సౌకర్యాలు కల్పించుటకు వీలుగా రాజ్యాంగమును సవరించినది కాంగ్రెసు ప్రభుత్వమే.

తరువాత వచ్చిన పక్షాల కథ వేరు. 1951లో ఆచార్య రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. ప్రకాశంగారు ప్రజాపార్టీ పెట్టి, దానిని కృపలానీగారి పక్షములో చేర్చిరి. 1952 ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతమునందలి 140 స్థానాలలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 లభించినవి. సంజీవరెడ్డిగారంతటి వారు ఓడిరి. కాంగ్రెసు వలదని ఓటరు అంత స్పష్టముగా చెప్పిన సందర్భము అంతకు పూర్వము లేదు. కాని 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు కాంగ్రెసు మద్దతుతోనే ప్రకాశంగారు ముఖ్యమంత్రియైరి. 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపై ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వము కూలినది. 1955లో కమ్యూనిస్టుల భయము పాతవైరులను ఏకము చేసినది. కాంగ్రెసు, కృషికార్, ప్రజాపార్టీల కూటమి 196లో 146 స్థానాలు గెలిచినది. నూటికి సుమారు 31 ఓట్లు పొందియు కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. పిమ్మట కృషికార్ పార్టీ కాంగ్రెసులో లీనమైనది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలో కలిసిన పిమ్మట ఉప్పుటేటిలో ఏ నీరు ఎవరిదని అడుగువారెవరు? నాయకుల అలుకతో పుట్టిన పక్షము ఆ అలుక తీరగానే ముగియునని మా అభిప్రాయము. నమ్మి ఓటు వేసిన రైతును మాత్రమెవ్వరును సంప్రదింపలేదు.

రంగాగారు మరల 1959లో రాజాజీతో కలసి స్వతంత్ర పార్టీని నెలకొల్పిరి. సహకార వ్యవసాయమును వ్యతిరేకించుట దాని ముఖ్యాశయము. ఇది అలుక కాదు, సిద్ధాంతమే. 1967లో లోకసభలో 44 స్థానాలతో ప్రతిపక్షాలలో ప్రథమ స్థానమునందుకొన్నది. కాని 1971 ఎన్నికలలో చితికిపోయి, 1974లో భారతీయ లోకదళములో కలసిపోయినది. అప్పటికే రంగాగారు తిరిగి కాంగ్రెసులో చేరియుండిరి. 1980లో గుంటూరు నుండి ఆ పక్షము అభ్యర్థిగానే లోకసభకు ఎన్నికైరి.