సిరిసిల్లలో ‘ల’లు ఎన్ని?

బాసర గుడిలో అక్షరాభ్యాసమై, గుణింతాలు దిద్దే పిల్లాణ్ని ‘సిరిసిల్ల’లో ఎన్ని అక్షరాలని అడగండి. సి, రి, సి, ల్ల అని వేళ్లు మడిచి నాలుగంటాడు. అదే మాట పైథాన్‌లో ‘లెన్’కు ఇస్తే తొమ్మిదంటుంది. మూడు గుడుల్నీ (బాసర గుడి కాదు, అక్షరం నెత్తిన పెట్టేది) విడిగా లెక్కేసింది. ల్లను ల, పొల్లు, ల అని మూడు ముక్కలు చేసింది. ‘కౌంట్’ పెట్టి ‘ల’ ఎన్నిసార్లుందని అడిగితే 2 అంటుంది. యూనికోడ్‌లో వొత్తులకు వేరే గుర్తుల్లేవు మరి. పొల్లు వెనక హల్లొస్తే అదే వొత్తు.

ఆదిలాబాద్‌లో ‘ఆ’ ఎన్ని? ఒకటే. లా, బాలలో చెవికి వినిపించే దీర్ఘం వేరే గుర్తు. దాన్ని అడిగితే 2.

‘కరీంనగర్లో’ పది గుర్తులు, ‘కరీంనగర్‌లో’ పదకొండు. ఎక్కువైంది కంటికి కనబడదు: ర కింద లవొత్తు చేరకుండా అడ్డం పెట్టే గుర్తు. ఒక రూపంతో వెతికితే రెండోది దొరకదు. ఊళ్ల జాబితాలు సరిచూసేవాళ్లకు ఇదో తలనొప్పి.

తెలుగును 1991లోనే చేర్చుకున్న యూనికోడ్‌కు పలక లెక్క ఒంటబట్టడానికి 32 ఏళ్లు పట్టింది. 2023లో వచ్చిన 15.1 దాకా, దాని నియమాల్లో ల్, ల వేర్వేరు, సిరిసిల్లకు ఐదక్షరాలు. ఇప్పుడు నాలుగే.

యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు 3 బైట్లు. సిరిసిల్లకు 27.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆదిలాబాద్ జిల్లా గుంజాల ముచ్చట. ఆ గోండు పల్లెలో దొరికిన చేతిరాత ప్రతుల్ని జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. 2018లో ఆ లిపి ‘గుంజాల గోండి’ పేరుతో యూనికోడ్ 11లో చేరింది. కాకపోతే దానికి చోటు దొరికింది మొదటి 65,536 గళ్లకు అవతల. ఆ అవతలివాటిని జావా, జావాస్క్రిప్ట్ ఒక్కోదాన్నీ రెండు ముక్కలుగా దాచుకుంటాయి. పది గుర్తుల గోండి మాటకు ‘లెంగ్త్’ అడిగితే ఇరవై అంటాయి. పైథాన్ 3లో మాత్రం పది పదే. అసలు తమాషా ఏమిటంటే, ఈ లిపిలో గుర్తులన్నిటికీ మొదటి ముక్క ఒకటే. ఆ ముక్కను పట్టుకుని ఒక అక్షరాన్ని లెక్కపెట్టబోతే మాటలో ఉన్నవన్నీ వచ్చి నిలబడతాయి, ఒకే ఇంటిపేరున్న ఊళ్లో ఇంటిపేరు పెట్టి మనిషిని పిలిచినట్టు.