ఇంటి కంప్యూటర్ సంరక్షణ: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో కంప్యూటర్ మొరాయించినప్పుడు పాటించే చిట్కాలలో చాలా భాగం ఒకప్పటి యంత్రాలకు సరిగ్గా సరిపోయినవే. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కు, కొద్దిపాటి ర్యామ్, నికెల్ క్యాడ్మియం బ్యాటరీ రాజ్యమేలిన రోజుల్లో అనుభవం నేర్పిన జాగ్రత్తలు నోటిమాటగా ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చాయి గాని, యంత్రం లోపలి భాగాలు ఆ తర్వాత దాదాపు పూర్తిగా మారిపోయాయన్న సంగతి మాత్రం వాటి వెంట రాలేదు. ఫలితంగా కొన్ని చిట్కాలు నిష్ప్రయోజనమయ్యాయి, కొన్ని హాని చేసేవిగా మారాయి, మరికొన్ని యజమాని దృష్టిని అసలు ప్రమాదం మీద పడనీయకుండా చేస్తున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేవి ఈ మూడో రకానివే. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి విండోస్‌తో నడిచే యంత్రాలు గనుక ఈ పరిశీలన ప్రధానంగా వాటికే పరిమితం.

అపోహ: రిఫ్రెష్ కొడితే, టెంప్ ఫైళ్లు తీసేస్తే వేగం పెరుగుతుంది

కంప్యూటర్ తెరవగానే మౌస్ కుడి బటన్ నొక్కి నాలుగైదు సార్లు రిఫ్రెష్ కొట్టడం ఇళ్లలోనూ, ఇంటర్నెట్ సెంటర్లలోనూ స్థిరపడిపోయిన అలవాటు. ఈ ఆదేశం చేసే పని ఒక్కటే: తెరమీది ఐకాన్ల జాబితాను మళ్లీ చదివి మళ్లీ చూపించడం. కొత్తగా చేర్చిన ఫైలు కనిపించనప్పుడు దానివల్ల ప్రయోజనం ఉంటుంది. ర్యామ్‌ను ఖాళీ చేయడం గాని, ప్రాసెసర్ భారాన్ని తగ్గించడం గాని దాని పని కాదు.

రన్ పెట్టెలో టెంప్ అనీ, ప్రీఫెచ్ అనీ టైపు చేసి, తెరుచుకున్న ఫోల్డర్లలో ఉన్నవన్నీ తుడిచేయమన్నది మరో ప్రసిద్ధమైన సలహా. టెంప్ ఫైళ్లు ప్రోగ్రాములు పని మధ్యలో తాత్కాలికంగా రాసుకునేవి. డిస్కు నిండిపోయినప్పుడు వాటిని తీసేస్తే చోటు కలిసివస్తుంది తప్ప, చోటు ముందే తగినంత ఉన్న యంత్రంలో వేగం పెరగదు. ప్రీఫెచ్ సంగతి వేరు. ఏ ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఏయే ఫైళ్లను చదువుతున్నదో గమనించి, మరుసటిసారి వాటిని ముందుగానే సిద్ధం చేసుకోవడానికి విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ రాసి పెట్టుకుంటున్న గుర్తులవి. వాటిని తుడిచేస్తే ప్రోగ్రాములు తర్వాతి సారి ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి, విండోస్ ఆ గుర్తులన్నిటినీ మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసి వస్తుంది. వేగం కోసం చేసిన పనే వేగాన్ని తగ్గిస్తుందన్నమాట.

రిజిస్ట్రీ క్లీనర్లది ఇంతకన్నా ప్రమాదకరమైన వ్యవహారం. రిజిస్ట్రీ అంటే విండోస్, దానిలోని ప్రోగ్రాములు తమ అమరికలను భద్రపరచుకునే అంతర్గత సమాచార నిధి. తొలగించిన ప్రోగ్రాముల తాలూకు నమోదులు కొన్ని అందులో మిగిలిపోయినా వాటి పరిమాణం అత్యల్పం, వాటి వల్ల వేగానికి కలిగే నష్టం గుర్తించలేనంత తక్కువ. అక్కరలేనిదనుకుని అవసరమైన నమోదును తొలగిస్తే మాత్రం ప్రోగ్రాములే కాదు, విండోస్ కూడా తెరుచుకోకపోవచ్చు. ఈ తరహా పరికరాల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ సంస్థే ప్రకటించింది.

వేగం తగ్గినప్పుడు చేయవలసింది కారణం వెతకడం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఏ మేరకు పనిలో ఉన్నాయో అందులో శాతాల్లో కనిపిస్తుంది. ఏ పనీ చెప్పకపోయినా డిస్కు నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే నిలిచి ఉండి, ఆ యంత్రంలో పాత హార్డ్ డిస్కే ఉన్నట్లయితే, దాని స్థానంలో, తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే ఎస్ఎస్‌డీ వేయించడం వల్ల వచ్చే తేడా ఏ చిట్కా వల్లా రాదు. మామూలు పనుల్లోనే మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. స్టార్టప్ విభాగంలో, కంప్యూటర్‌తో పాటే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. వాటిలో అక్కరలేనివాటిని నిలిపివేయడానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: నెలకోసారి డీఫ్రాగ్ చేయాలి

హార్డ్ డిస్కులోని పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతూ ఉంటుంది, దానిమీద చదివే తల అటూ ఇటూ కదులుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు కూడా సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది గనుక, ఒకే ఫైలు ముక్కలై పలుచోట్ల పడి ఉంటే ఒక్కో ముక్క కోసం ఈ నిరీక్షణ తప్పదు. ఆ ముక్కలను ఒకచోటికి చేర్చడమే డీఫ్రాగ్. ఎస్ఎస్‌డీలో తిరిగేది గాని, కదిలేది గాని లేదు. సమాచారం ఏ చిప్పులో ఏ మూలన ఉన్నా చేరుకునే సమయం దాదాపు సమానమే. పైగా దానిలోని గడులు పరిమితమైన సార్లే తిరగరాతను తట్టుకుంటాయి గనుక, ఫైళ్లను అక్కడి నుంచి ఇక్కడికి మార్చే డీఫ్రాగ్ దాని ఆయువును అకారణంగా ఖర్చు చేస్తుంది. ఎస్ఎస్‌డీకి కావలసినది ట్రిమ్ అనే సంకేతం. తొలగించిన ఫైళ్లు ఆక్రమించిన చోటు ఇక అక్కరలేదని డిస్కుకు తెలిపే ఈ ఏర్పాటు 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఉన్నది. ఇప్పటి విండోస్ ఏ డిస్కు ఏ రకమో గుర్తించి, తగిన పనిని వారానికోసారి తానే చేసుకుంటుంది.

అపోహ: షట్‌డౌన్ చేసి మళ్లీ వేస్తే అంతా కొత్తగా మొదలవుతుంది

సమస్య వచ్చినప్పుడు ఒకసారి ఆపి వేయమని చెప్పడం మంచి సలహాయే. అయితే 2012లో వచ్చిన విండోస్ 8లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు చేరినప్పటి నుంచి ఆపడానికీ రీస్టార్ట్ చేయడానికీ మధ్య తేడా ఏర్పడింది. ఈ ఏర్పాటు పనిచేస్తున్న యంత్రంలో షట్‌డౌన్ నొక్కినప్పుడు తెరచి ఉన్న ప్రోగ్రాములు మూతపడతాయి గాని, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్, దానితోపాటు డ్రైవర్లు, అంటే ప్రింటరు, వైఫై వంటి పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రాములు, ఉన్న స్థితిలోనే డిస్కు మీద ఒక ఫైలుగా భద్రమవుతాయి. మరునాడు మీట నొక్కగానే విండోస్ వాటిని కొత్తగా మొదలుపెట్టకుండా ఆ ఫైలు నుంచే తిరిగి చదువుకుంటుంది. అందువల్ల నిన్న చెడిపోయిన డ్రైవరు స్థితి ఇవాళ కూడా అలాగే లేచి వస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

దీన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే, అడుగున అప్ టైమ్ అనే చోట యంత్రం ఎంతకాలంగా నడుస్తున్నదో రోజులు, గంటల లెక్కన కనిపిస్తుంది. రోజూ రాత్రి తప్పకుండా షట్‌డౌన్ చేస్తున్న ఇంట్లో కూడా అక్కడ రోజుల తరబడి లెక్క కనిపించడానికి కారణం ఈ ఏర్పాటే. ప్రింటరు పలకకపోయినా, శబ్దం రాకపోయినా, వైఫై అదృశ్యమైనా ముందు చేయవలసింది రీస్టార్ట్.

అపోహ: కంప్యూటర్ పెట్టెను తాకితే జిల్లుమనడం మామూలే

ఇది మామూలు విషయం కాదు, ఇంటి వైరింగులోని లోపానికి గుర్తు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో విద్యుత్ అలజడిని వడకట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కెపాసిటర్లు ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే వాటి గుండా వచ్చే అత్యల్ప కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే పెట్టె మొత్తం 230 వోల్టులలో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది, తడి చేత్తోనో వట్టి కాళ్లతోనో తాకినవారికి జిల్లుమంటుంది. ఆ కరెంటు ప్రాణం తీసేంత పెద్దది కాకపోవచ్చు గాని, ఎస్ఎంపీఎస్ లోపల ఇన్సులేషన్ చెడి ఫేజు నేరుగా పెట్టెను తాకిన రోజున ఆ ఇంట్లో రక్షణ ఉండదు. ఎర్తు లేని కంప్యూటర్‌ను టీవీకో ప్రింటరుకో తీగతో కలిపినప్పుడు పోర్టులు కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

చాలా ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా పై రంధ్రం వెనుక తీగే ఉండదు, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరులో దూర్చి వాడుతుంటారు. రబ్బరు చెప్పులు వేసుకోవడం, ప్లగ్గును తిప్పి పెట్టడం దీనికి పరిష్కారాలు కావు. స్టెబిలైజరు గాని యూపీఎస్ గాని ఎర్తుకు బదులు కాలేవు. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ చూపిస్తే, అది ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత దాదాపుగా ఉండాలి. లేకపోతే వైరింగు బాగుచేయించాకే కంప్యూటర్ వాడాలి.

అపోహ: ల్యాప్‌టాప్ బ్యాటరీని పూర్తిగా దించి నింపాలి

ఈ నియమం నికెల్ క్యాడ్మియం బ్యాటరీలది. సగంలో ఆపి నింపుతూ పోతే ఆ సగాన్నే పూర్తి సామర్థ్యంగా అవి అలవాటు చేసుకునేవి. 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చినది మొదలు వ్యాపించిన లిథియం అయాన్ బ్యాటరీలకు ఆ గుణం లేదు. పూర్తిగా దిగిపోవడం, ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉండటం, అన్నిటికన్నా ముఖ్యంగా వేడి వాటిని త్వరగా ముసలివి చేస్తాయి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవారు, తమ యంత్రంలో ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే దాన్ని వాడుకోవాలి, పరుపు మీద పెట్టి గాలి దారులను మూసివేయడం మానుకోవాలి.

అపోహ: అప్‌డేట్లు కంప్యూటర్‌ను పాడు చేస్తాయి, యాంటీవైరస్ ఉంటే చాలు

2017 మే 12న మొదలై దాదాపు 150 దేశాలను కుదిపిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. ఆ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14ననే సవరణ విడుదల చేసింది. రెండు నెలలైనా దాన్ని వేసుకోని యంత్రాలే బలైపోయాయి. అప్‌డేట్ల వల్ల ఎప్పుడో ఒకసారి ఇబ్బంది కలగడం నిజమే అయినా, వాటిని శాశ్వతంగా ఆపివేయడం తలుపులు తెరిచి నిద్రపోవడమే అవుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజుతో యంత్రాలు ఆగిపోలేదు గాని, భద్రతా సవరణలు అందని యంత్రంలో బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు.

రెండు యాంటీవైరస్‌లు వేస్తే రక్షణ రెట్టింపవుతుందన్నది కూడా సరికాదు. అవి ఒకదాని పనికి ఒకటి అడ్డుపడి యంత్రాన్ని కుంగదీస్తాయి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్, క్రమం తప్పని అప్‌డేట్లు కలిస్తే మామూలు ఇంటి వాడకానికి చాలు. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందంటూ ఫోన్ చేసి, విండోస్ తన నమోదులను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అందులోని ఎర్ర గుర్తులను చూపి భయపెట్టేవారు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో కూడా ఆ ఎర్ర గుర్తులు బోలెడు ఉంటాయి. అలాంటివారి మాట విని డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

అపోహ: ఫార్మాట్ కొడితే అన్నీ సర్దుకుంటాయి, డి డ్రైవ్‌లో ఉన్నవి భద్రం

సిస్టమ్ స్లో అయిందనగానే ఫార్మాట్ కొట్టించాలనే మాట వెంటనే వస్తుంది. ఫార్మాట్ వల్ల విండోస్ కొత్తగా మొదలవుతుంది గాని, అరిగిపోయిన డిస్కు గాని, చాలని ర్యామ్ గాని, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాను గాని బాగుపడవు. కొన్ని వారాలకే పాత ఫిర్యాదు తిరిగి వస్తుంది. అంతకన్నా విచారించవలసినది మరొకటి ఉన్నది. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు సాధారణంగా సి డ్రైవ్‌లోనివే గనుక, మరమ్మతు చేసేవారికి ముందుగా చెప్పకపోతే పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, స్థలం పత్రాల స్కాన్లు ఫార్మాట్‌తో పాటే పోతాయి.

డి డ్రైవ్‌లో దాచుకోవడం ఫార్మాట్ నుంచి కాపాడుతుంది, డిస్కు చావు నుంచి కాపాడదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే, చాలా ఇళ్లలో సి, డి రెండూ డిస్క్ 0 అనే ఒకే వరుసలో పక్కపక్కన కనిపిస్తాయి. అంటే అవి ఒకే డిస్కును గీతలు గీసి పంచిన భాగాలు. హార్డ్ డిస్కు నుంచి టకటక శబ్దం రావడం మొదలైతే రెండింటికీ ఒకే ముప్పు. అప్పుడు స్కానులు, డీఫ్రాగులు నడపకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటికి తీసుకోవాలి. ఎస్ఎస్‌డీలు చాలాసార్లు ఆ హెచ్చరిక కూడా ఇవ్వకుండానే ఆగిపోతాయి, ట్రిమ్ వల్ల వాటిలో తొలగించిన ఫైళ్లను తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. పాత హార్డ్ డిస్కు విషయంలో ఇది తలకిందులు: త్వరిత ఫార్మాట్ విషయసూచికను మాత్రమే ఖాళీ చేస్తుంది, లోపలి సమాచారాన్ని చెరపదు గనుక, అలా అమ్మేసిన కంప్యూటర్ నుంచి కొన్నవారు ఫొటోలూ పత్రాలూ బయటికి తీయగలరు.

వేరే పరికరం మీద ఉన్నదే నకలు అవుతుంది. క్లౌడ్‌తో సింక్ చేయడం ఉపయోగకరమే అయినా, ఇక్కడ పొరపాటున తుడిచేసిన ఫైలు అక్కడా తుడిచిపోతుందని, కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన బయటి డిస్కును వానాక్రై వంటి రాన్సమ్‌వేర్ కూడా వదలదని గుర్తుంచుకోవాలి. కాబట్టి పాఠకులు కంప్యూటర్‌ను మరమ్మతుకు ఇచ్చే ముందే, ఇంకా మేలు ఈ వారంలోనే, ఇంటి ఫొటోలనూ పత్రాలనూ ఒక బయటి డిస్కులోకి నకలు తీసి, అందులోంచి రెండు మూడు ఫైళ్లను మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకుని, ఆ డిస్కును విడదీసి బీరువాలో పెట్టుకోవాలి.