బయట తాళం... లోపల తిరుగుతున్న ఫ్యాను

అలారం మోగుతుంది. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి దాన్ని ఆపుతుంది. హీరో లేస్తాడు, పళ్లు తోముకుంటాడు, అద్దంలో మొహం చూసుకుంటాడు, బ్యాగు తగిలించుకుని బయల్దేరతాడు. ఈలోపు స్నేహితుల పేర్లన్నీ ఒక్కొక్కటిగా పడుతుంటాయి. నిమిషంన్నర అయిపోయింది. థ్రిల్లర్ అన్నారు కదా, ఏదీ?

కాలేజీ కుర్రాళ్ల షార్ట్ ఫిల్మ్‌లు నాలుగు చూసినవాళ్లకి ఈ అలారం బాగా పరిచయమే. ఇంకో రకం కూడా ఉంది. చీకటి రోడ్డు. ఆయాసపడుతూ పరుగెత్తే అమ్మాయి. వెనకాల టోపీ ముఖం మీదికి లాక్కున్న మనిషి. ఒక అరుపు, తెర నల్లబడుతుంది, 'మూడు నెలల క్రితం' అని అక్షరాలు. మొదటి రకంలో ఏమీ జరగదు. రెండో రకంలో అన్నీ జరిగిపోతాయి గానీ ఆ అమ్మాయి ఎవరో మనకు తెలీదు, తర్వాత తెలిసేదీ తక్కువే. ఎన్ని కథలకని ఒక అమ్మాయి శవంతోనే కొబ్బరికాయ కొడతారు? పాపం, ఆ పాత్ర వేసిన అమ్మాయికి ఆ అరుపు తప్ప ఒక్క డైలాగూ ఉండదు.

బ్రిటన్‌లో మన ఇంటర్ వయసు పిల్లలు చదివే మీడియా స్టడీస్‌లో చాలా ఏళ్లు ఒక ప్రాక్టికల్ ఉండేది. కొత్త సినిమా ఒకటి ఊహించుకుని, టైటిల్స్‌తో కలిపి దాని మొదటి 2 నిమిషాలు మాత్రం తీసి చూపించాలి. మిగతా సినిమా అక్కర్లేదు. థ్రిల్లర్ ఎంచుకున్నవాళ్లు బోలెడుమంది. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, కథ మొత్తం చెప్పే అవకాశం లేకుండా చూసేవాడిని కూర్చోబెట్టాలంటే అసలు పని అక్కడే తెలుస్తుంది. మన దగ్గర ఇలాంటి ప్రాక్టికల్ లేకపోయినా పరీక్ష మాత్రం ఉంది. షార్ట్ ఫిల్మ్‌లు తీసిన సుజీత్ 2014లో 'రన్ రాజా రన్'తో, తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లి చూపులు'తో పెద్ద తెర మీదికి వచ్చాక, చేతిలో ఫోను ఉన్న ప్రతి బీటెక్ కుర్రాడికీ ఆ దారి కనిపిస్తోంది. పంపిన లింకు నొక్కినవాళ్లు పూర్తిగా చూస్తారన్న హామీ లేదు. మొదటి నిమిషంలో పట్టు దొరక్కపోతే వేలితో ముందుకు జరిపేస్తారు.

మరి ఆ 2 నిమిషాల్లో ఏం ఉండాలి? భయపెట్టక్కర్లేదు. చూసేవాడి మనసులో ఒక్క ప్రశ్న వేసి, జవాబు దాచుకుంటే చాలు. మలయాళం 'దృశ్యం' (2013) మొదలయ్యేటప్పుడు రక్తం లేదు, తుపాకీ లేదు. ఒక మామూలు మనిషి పోలీస్ స్టేషన్‌లో కూర్చుని ఉంటాడు, అంతే. ఎందుకు వచ్చాడన్నది తెలుసుకోడానికే మనం కూర్చుంటాం. 'అంధాధున్' (2018) ఇంకా చిత్రం. క్యాబేజీ తోటలో ఒక కుందేలు, దాన్ని వెంటాడే ఒక మనిషి, ఒక తూటా. దానికీ కథకీ సంబంధం ఏమిటో చివరిదాకా అర్థం కాదు. ఆ సినిమాకి ప్రేరణ 'లాకోర్డర్' అనే ఫ్రెంచి షార్ట్ ఫిల్మ్, నిడివి సుమారు 14 నిమిషాలు. అది మొదలవడమే పియానో ముందు లోదుస్తులతో కూర్చుని వాయిస్తున్న ఒక యువకుడితో. వెనకాల ఎవరో నిలబడి ఉన్నారు. అతనెందుకలా ఉన్నాడు, వెనకున్నదెవరు? ఇదే కథ మన తెలుగులో 'మాస్ట్రో'గా 2021లో వచ్చింది. ఖర్చుతో సంబంధం లేని ఊహ ఎంత దూరం పోతుందో చూడండి.

సంక్రాంతి సెలవుల హాస్టల్

సరే, మనమూ ఒకటి అల్లుదాం. థ్రిల్లర్ అనగానే పాడుబడ్డ బంగళా, పోలీసు జీపు వెతుక్కోవద్దు. మీ దగ్గర ఏముందో ముందు లెక్కపెట్టండి. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ ఉంది. సంక్రాంతికి అది ఖాళీ అవుతుంది. మూడంతస్తుల భవనం, పొడవాటి వరండాలు, చిటపటలాడే ట్యూబులైట్లు, ఆర్ట్ డైరెక్టర్ అవసరం లేకుండా సిద్ధంగా ఉంది.

కనుమ మర్నాడు సాయంత్రం. అందరికంటే ముందు ఒక కుర్రాడు ఊరి నుంచి తిరిగొస్తాడు. చేతిలో అరిసెల స్టీలు డబ్బా. గేటు దగ్గర వాచ్‌మన్ అంటాడు, "ఎవరూ రాలేదు బాబూ, నువ్వే ముందు." మెట్లెక్కుతుంటే అమ్మ ఫోను. "చేరానమ్మా... ఆఁ, తిన్నాను." "నాలుగు అరిసెలు ఆ వాచ్‌మన్ తాతకి కూడా పెట్టరా" అంటుందామె. 312వ గది. బయట తాళం. అది తనదే. తాళంచెవి తన జేబులోనే ఉంది. తీస్తాడు. లోపల చీకట్లో ఫ్యాను తిరుగుతోంది.

ఆఫ్ చేసే వెళ్లాడు కదా. స్విచ్ ఆపుతాడు. రెక్కలు మెల్లగా నెమ్మదిస్తాయి, ఆ గరగర తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో, వెనకాల, తలుపు బయటి నుంచి గడియ పడిన చప్పుడు. టైటిల్.

దీనికి అయ్యే ఖర్చు టీలు, బిర్యానీ. అరిసెలు ఎలాగూ ఇంటి నుంచి వస్తాయి. డైలాగులు చూడండి. హాస్టల్లో ఎవరూ లేరని వాచ్‌మన్ చెప్పాడు, కుర్రాడు ఎలాంటివాడో అమ్మ మాటల్లో తెలిసింది. 'నేను ఫలానా, థర్డ్ ఇయర్ చదువుతున్నాను' అని వెనకనుంచి వాయిస్ చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం ఖాయం చేసుకోవాలి. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆ గదిలో వాళ్లకేం పని? స్క్రీన్ మీద చెప్పకపోయినా రాసేవాడికి జవాబు తెలిసుండాలి. 'తర్వాత చూసుకుందాంలే' అనుకుని మొదలుపెట్టిన చాలా థ్రిల్లర్లు చివరికి 'ఇదంతా కల' అన్న దగ్గరే తేలతాయి.

ఇక్కడే గట్టిగా వాదించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఫ్యాను తిరుగుతోందని ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి? కుర్రాడితో పాటా, ముందేనా? హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూలో చెప్పిన టేబుల్ కింద బాంబు ఉదాహరణ సినిమావాళ్లందరూ తలుచుకునేదే. బాంబు ఉందని మనకు తెలియకపోతే అది పేలినప్పుడు కొన్ని సెకన్ల ఉలికిపాటు. తెలిసి ఉంటే, ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు ఎంత పనికిమాలిన కబుర్లు చెప్పుకున్నా నిమిషాల తరబడి టెన్షన్. ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్ అదే పని చేస్తుంది. కారు డిక్కీలో బాంబు పెట్టడం మనకు చూపించి, ఆ తర్వాత ఎక్కడా కట్ చేయకుండా మూడు నిమిషాలకు పైగా కెమెరా వీధుల వెంట నడుస్తుంది.

అలాగే మన సీను కూడా. మొదటి షాట్‌లోనే చీకటి గది, తిరుగుతున్న ఫ్యాను, గాలికి తాడు మీద ఊగుతున్న ఒక తువ్వాలు చూపించి, రెండో షాట్‌లో అదే గదికి బయట వేలాడుతున్న తాళం చూపించండి. ఇప్పుడు కుర్రాడు వాచ్‌మన్‌తో మాట్లాడినా, అమ్మతో మాట్లాడినా, ప్రతి మెట్టూ బరువే. అరిసెల మాట కూడా భయపెడుతుంది. నా ఓటు దీనికే. కాదు, అతనితో పాటే మనమూ ఉలిక్కిపడాలి అంటారా, అదీ తప్పు కాదు. కానీ రెండూ కావాలనుకుంటే రెండూ పోతాయి.

కాగితం మీద ఒక రాత్రి

సీన్ పేపరు అయ్యాక షాట్ డివిజన్. బాపు గారు తన సినిమాల షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారు. సత్యజిత్ రాయ్ కూడా తన మొదటి సినిమాకే అలా గీసుకున్నారు. మీకు బొమ్మలు రాకపోతే పుల్లల మనుషులు చాలు. ఎవరు ఎటు చూస్తున్నారు, తలుపు ఏ వైపు ఉంది అన్నది తెలిస్తే సరి.

లెక్క ఇలా వేయండి. రాత్రి 9 నుంచి తెల్లవారి 5 వరకు 8 గంటలు. తిండికి ఒకటి, సామాను సర్దడానికి ఒకటి తీసేస్తే 6 మిగులుతాయి. లైటు మార్చి, రిహార్సల్ చేసి, రెండు మూడు టేకులు తీయడానికి షాటుకి 25 నిమిషాలు పడుతుందనుకుంటే 14 షాట్లు. పేపరు మీద 40 రాసుకుని వెళ్తే, మూడింటికి అందరికీ నిద్ర ముంచుకొచ్చేసరికి అసలైన గడియ షాటే మిగిలిపోతుంది. అందుకే దాన్ని ముందు తీయండి. క్రిస్టఫర్ నోలన్ తన మొదటి సినిమా 'ఫాలోయింగ్' (1998)ని ఉద్యోగాలు చేసుకునే స్నేహితులతో సెలవు రోజుల్లో, దాదాపు ఏడాది పాటు తీశారు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకులతోనే సరిపెట్టారు. మన ఫోనులో టేకులకు డబ్బు కాదు గానీ రాత్రి అయిపోతుంది.

ఫోనుని ఆటోలో వదిలేస్తే ట్యూబులైటు కింద తెర మీద గీతలు పారుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/50 దగ్గర పెడితే ఆ గొడవ చాలావరకు పోతుంది. ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయాలి, లేదంటే ఫ్యాను రెక్క లైటుకి అడ్డొచ్చిన ప్రతిసారీ ఫోను కంగారుపడి వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. రెగ్యులేటర్ తక్కువలో పెట్టండి. వేగంగా తిరిగితే కెమెరాలో రెక్కలు వెనక్కి తిరుగుతున్నట్టు కూడా కనిపిస్తాయి.

సౌండ్ గురించి మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ సీను బతికేది దానిమీదే. ఫ్యాను కింద మాట్లాడితే మాట వినపడదు. అందుకే గదిలో డైలాగు పెట్టలేదు, మాటలన్నీ గేటు దగ్గర, మెట్ల మీద. ఫ్యాను చప్పుడుని రెండో ఫోనుతో దగ్గర నుంచి విడిగా రికార్డు చేయండి, నెమ్మదించి ఆగేదాకా. తర్వాత అందరూ కదలకుండా నిలబడి ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం పట్టుకోండి. పూర్తి నిశ్శబ్దం ఏ గదిలోనూ ఉండదు. ఎడిటింగ్‌లో సౌండ్ మొత్తం తీసేస్తే, చూసేవాడు తన ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనుకుంటాడు. గడియ చప్పుడుకి నాలుగైదు తలుపులు ప్రయత్నించండి. బాగా వినిపించేది మీ గది గడియే కానక్కర్లేదు, బాత్‌రూమ్ తలుపుది కావచ్చు. ఇక బీజీఎం. వయొలిన్లు కీచుమంటూ ముందే భయపడమని చెప్పేస్తే ఫ్యాను ఎందుకు? మ్యూజిక్ లేకుండా ఒక్కసారి చూసుకుని, నిజంగా కావాలంటేనే వేయండి.

ప్రాణాల మీదికి వచ్చే షాట్లు

ఓపెనింగ్ అదిరిపోవాలి అనే మాట మొదలయ్యాక మనవాళ్లు ఎంచుకునే చోట్లు చూడండి. రైలు పట్టాలు. మేడ మీద పిట్టగోడ. అర్ధరాత్రి హైవే. పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లడమే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అది అటుంచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు ఫోను తెర మీద ఉన్న కెమెరామన్‌కి రైలు వచ్చేది తెలియదు. ఏ షాటూ అంత విలువైనది కాదు.

రోడ్డు మీద కిడ్నాప్ సీను ఇంకో ప్రమాదం. ముసుగులు, వ్యాను, కేకలు. చూసేవాళ్లకి అది సినిమా అని ఎలా తెలుస్తుంది? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లతో తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో చాలాచోట్ల అమాయకుల మీద గుంపులు దాడి చేశాయి, ప్రాణాలూ పోయాయి. జనం నిజమైన రియాక్షన్ కావాలని చెప్పకుండా తీస్తామనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి, కాలేజీ లెటరు జేబులో పెట్టుకోండి. బొమ్మ తుపాకీ అయినా సరే, షాటు అయిపోగానే సంచిలోకి పోవాలి. అన్ని జాగ్రత్తలూ తెలిసిన హాలీవుడ్‌లోనే 2021 అక్టోబర్ 21న 'రస్ట్' సినిమా రిహార్సల్‌లో, ఖాళీదని అనుకున్న తుపాకీ పేలి సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయారు.

మన హాస్టల్ సీనుకి వార్డెన్ సంతకం, వాచ్‌మన్‌కి ముందు రోజే ఒక మాట చాలు. ఆయనతోనే వాచ్‌మన్ పాత్ర వేయించగలిగితే ఇంకా మంచిది, ఆ గేటు దగ్గర కూర్చునే తీరు ఏ యాక్టరుకూ రాదు. అయితే ఆయనకి డబ్బులివ్వండి, పేరు కూడా వేయండి. గడియ షాటు తీసేటప్పుడు లోపల ఉన్న కుర్రాడికి ఫోను ఇచ్చి పంపండి. పాత గడియలు బిగుసుకుపోతాయి. తెల్లారేదాకా లోపలే ఉంటే, రెండో టేకుకి నటించే ఓపిక ఉండదు.

ఐదింటికి ప్యాకప్. అందరూ టిఫిన్ బండి దగ్గరికి పరుగెడతారు. ఒకరు మాత్రం ఆగి, ఫోనులో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి, ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. అతనికి ఇడ్లీ పార్సిల్ తెచ్చిపెట్టండి.