ఒలిచే చేతులకు తొందర లేదు

‘‘శ్రీరామనవమి సంచికకు ముఖచిత్ర కథనం కావాలి. ముందే సిద్ధపడితే మనశ్శాంతి అన్న అంశం. సోమవారానికల్లా ఇచ్చేయండి’’ అన్నారు ఎడిటర్‌గారు. ముందుచూపు గురించి హడావుడిగా రాయడం మా వృత్తిధర్మం.

వెతుకుతూ వెళ్తే గోటి తలంబ్రాల దగ్గర ఆగిపోయాను. తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ కేంద్రంగా కొందరు భక్తులు ఏళ్లుగా చేస్తున్న సేవ ఇది. భద్రాచలం, ఒంటిమిట్ట కల్యాణాల తలంబ్రాల కోసం నెలల ముందే పొలంలోకి దిగుతారు. ఆంజనేయుడు, సుగ్రీవుడు లాంటి వేషాలు కట్టి మరీ విత్తనం చల్లుతారు. పంట చేతికొచ్చాక వడ్లను ఊరూరా భక్తులకు పంచుతారు. రోలూ లేదు, రోకలీ లేదు, మిల్లు అసలే లేదు. గింజ గింజనూ గోటితోనే ఒలవాలి.

ముఖచిత్రానికి వేషాల ఫొటోనే బాగుంటుందని అందరూ అంటారు. నన్ను మాత్రం గింజే వదల్లేదు. గుప్పెడు వడ్లు ముందేసుకు కూర్చున్నాను. పొట్టు రెండు డొప్పలు. ఒకదాని అంచును మరొకటి బిగించి పట్టుకుని ఉంటుంది. కొస దగ్గర గోరు దూర్చి ఆ అంచు విడదీయాలి. గట్టిగా నొక్కితే గింజ విరిగి నూకవుతుంది. నూక తలంబ్రాలకు పనికిరాదు. మెల్లగా వస్తే తవుడు పొర చెదరని ముడిబియ్యపు గింజ బయటపడుతుంది. స్వర్ణలాంటి రకమైతే వెయ్యి వడ్లు దాదాపు 20 గ్రాములు తూగుతాయి. అంటే కిలోకు 50,000 గింజలు. చేయి తిరిగినవాళ్లు గింజకు 10 సెకన్లే తీసుకున్నా, కిలో వడ్లు ఒలవడానికి 139 గంటలు కావాలి! మిల్లుకైతే ఇదొక పనే కాదు.

పుణ్యం లెక్కలు నాకు ఒంటబట్టవు. వానర వేషాలు చూసి కాస్త నవ్వొచ్చిన మాటా దాచను. కానీ ఈ పనిలో తొందరకు చోటే లేదు. రేపే కల్యాణమంటే ఎవరూ ఒలవలేరు. నెలలు చేతిలో ఉన్నాయి కాబట్టే వంటయ్యాక చాట ముందుపెట్టుకుని, రామనామం అనుకుంటూనో, పక్కింటావిడతో కోడలి సంగతులు చెప్పుకుంటూనో ఒలుచుకోవచ్చు. నవమినాడు ఆ జనసందోహంలో తలంబ్రాలు పోయడం ఎంతమందికి కళ్లారా కనిపిస్తుంది గనక? ఒలిచినవాళ్ల కల్యాణం వసారాలోనే సగం అయిపోతుంది. వేసవిలో చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి ఏడాదికి సరిపడా జాడీకెత్తే అమ్మల ధీమాదీ ఇదే కోవ. వానలు పడ్డాక ఆ ఇళ్లలో పులుసు గురించి బెంగ ఉండదు.

ఇక చరిత్ర. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించడం, గోల్కొండ చెరసాల, తానీషా విడిపించడం, ఆనాటి నుంచీ వచ్చిందని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఇప్పుడు ప్రభుత్వం నడపడం... ఇవన్నీ ప్రతి నవమికీ చదివేవే. స్థలం చాలదు.

నవమికి ముందూ వెనకా

భద్రాచలం ఆలయంలో తలంబ్రాలు కలపడం ఫాల్గుణ పౌర్ణమినాడే మొదలవుతుంది. నవమికి మూడు వారాలకు పైనే గడువుంటుంది. పసుపుతోపాటు గులాలు కూడా కలుపుతారు.

ఒంటిమిట్టలో కల్యాణం నవమినాడు కాదు. ఆ తర్వాత బ్రహ్మోత్సవాల్లో, రాత్రిపూట.

వెళ్లలేనివాళ్లకు తెలంగాణ ఆర్టీసీ కార్గో విభాగం భద్రాద్రి తలంబ్రాలను ఇంటికే చేరుస్తోంది. బుకింగ్ ముందే చేసుకోవాలి.